ముక్కులోంచి వచ్చే గంజి: ఒక అంగిలి క్యాన్సర్ కేసు

నేను క్యాన్సర్ ఆసుపత్రిలో డైటీషియన్‌ని. ఈ కేసు నా దగ్గరికి డాక్టరు చీటీతో రాలేదు, రేడియేషన్ టెక్నీషియన్ ఫోన్ చేస్తే వచ్చింది. "మేడమ్, ఇక్కడ ఒక పెద్దావిడకి మాస్క్ వదులైపోయింది, బుగ్గ దగ్గర నా వేలు దూరుతోంది, ఒకసారి చూస్తారా?" అన్నాడు. తలకీ మెడకీ రేడియేషన్ ఇచ్చేటప్పుడు మనిషి కదలకుండా ముఖం కొలతకి ఒక ప్లాస్టిక్ వల చేస్తారు. వేడి నీళ్ళలో మెత్తబడ్డాక ముఖం మీద పరిస్తే ముక్కూ గడ్డమూ అన్నీ అచ్చు దిగుతాయి. మొదటి రోజు ఊపిరాడనంత బిగుతుగా ఉన్న ఆ వల 13వ సిట్టింగ్‌కే వదులైందంటే ముఖం అంతగా చిక్కిపోయిందన్నమాట. వల వదులైతే కిరణం పడాల్సిన చోట పడుతుందన్న నమ్మకం ఉండదు, మళ్ళీ స్కాన్, మళ్ళీ ప్లాన్, మధ్యలో రోజులు పోతాయి. ఈ రకం క్యాన్సర్లలో రేడియేషన్ మధ్యలో ఆగిపోతే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది, అందుకే బరువు గురించి మాకు అంత టెన్షన్.

బరువు తగ్గాక డైటీషియన్ దగ్గరికి పంపడం కాదు, మొదటి రోజే పంపండి అని నేను చాలాకాలంగా అడుగుతూనే ఉన్నాను. సరే, ఆ గొడవ వేరు.

ఆవిడకి 57 ఏళ్ళు, శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు ఊరు. పేరు, ఊరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా. ఇరవై ఏళ్ళ వయసు నుంచి అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ళ కోసం: చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళలో ఇది పాత అలవాటే. గాలికి ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనిలో ఉన్నా నోట్లో దాని పని అది చేసుకుపోతుంది. నిప్పు సెగంతా అంగిలికి తగులుతుంది కాబట్టి క్యాన్సర్ కూడా అక్కడే వస్తుంది, నోటి పైకప్పు మీద. మన తీరంలో ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం 1950ల నుంచే వైద్య పత్రికల్లో ఉంది. ఈవిడకి అంగిలిలో కుడివైపు భాగం తీసేశారు. అక్కడ మిగిలిన కన్నాన్ని కట్టుడు పళ్ళలాంటి ఒక ప్లేటు మూస్తుంది, లేకపోతే నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు ఉండదు. ఆపరేషన్ పుండు మానాక 33 సిట్టింగ్‌ల రేడియేషన్, వారానికి 5 రోజులు, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో.

ఆపరేషన్‌కి ముందు 47 కిలోలు, రేడియేషన్ మొదటి రోజు 44, నేను చూసిన రోజు 40.2. ఎత్తు 150 సెంటీమీటర్లు.

కోడలు వెంట వచ్చింది. ఏం పెడుతున్నావమ్మా అంటే చాలా శ్రద్ధగా చెప్పింది, చిన్న నోటు పుస్తకంలో రాసి కూడా పెట్టుకుంది. పొద్దున్న అర గ్లాసు కాఫీ, పంచదార లేకుండా. తర్వాత చోడంబలి, అంటే చోళ్ళ (రాగుల) అంబలి, ఒక గ్లాసు. కొబ్బరి నీళ్ళు. మధ్యాహ్నం బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ. సాయంత్రం మళ్ళీ కొబ్బరి నీళ్ళు. రాత్రి బియ్యం గంజి తేటో, ఇంకో గ్లాసు అంబలో. వినడానికి రోజంతా ఏదో ఒకటి పడుతూనే ఉంది. కూర్చుని లెక్కవేస్తే మొత్తం 400 కేలరీలు, ప్రోటీన్ 7 గ్రాములు. ఆ శరీరానికి రోజుకి కనీసం 1200 నుంచి 1400 కేలరీలు, 50 నుంచి 60 గ్రాముల ప్రోటీన్ పడాలి. గ్లాసు అంబలికి ఎంత పిండి వేస్తున్నావని అడిగితే చెంచాడు అంది. చెంచాడు పిండితో గ్లాసు నీళ్ళు! అది తాగే మనిషికి కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంట్లో కండ మాత్రం రోజూ కరిగిపోతూ ఉంటుంది. ఒక్క మాట దాని పక్షాన కూడా చెప్పాలి, సిస్‌ప్లాటిన్ పడుతున్నవాళ్ళకి కిడ్నీలు కాపాడుకోవడానికి నీళ్ళు బాగా కావాలి, ఆ పని వరకు ఈ తిండి చేసింది.

ఆపేసినవాటి జాబితా ఇంకా పెద్దది. పప్పు చీము పట్టిస్తుందని ఆపరేషన్ రోజునుంచే లేదు. గుడ్డు వేడి అని లేదు. చేప నీచు అని లేదు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి నాలుగు నెలలుగా చేప లేదు! పాలూ పంచదారా వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి కొడుకు మాన్పించాడు, క్యాన్సర్ పంచదార తిని పెరుగుతుందట. నేను కొడుకుని కూర్చోబెట్టి ఒకటే చెప్పాను. బాబూ, మీ అమ్మకి షుగర్ జబ్బు లేదు, మనం తినిపించకపోతే శరీరం ఊరుకోదు, తన కండని తనే కరిగించి గ్లూకోజు చేసుకుంటుంది, గడ్డకి అందాల్సింది ఎలాగూ అందుతుంది, చిక్కిపోయేది మీ అమ్మే. అతను తలాడించాడు గానీ నమ్మినట్టు లేదు. లక్ష్మణ ఫలం రసం సంగతి కూడా అడిగాడు. తెల్లకణాలు పడిపోతున్న మనిషికి బయట తీసిన పచ్చి రసాలు ఏవీ వద్దన్నాను.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. ఆ రోజు నేను చక్కగా ఒక చార్టు రాసిచ్చాను. రెండు గంటలకోసారి తినాలి, పాలలో నానబెట్టిన ఇడ్లీ, మెత్తగా మెదిపిన పప్పన్నం, సగం ఉడికిన కోడిగుడ్డు, అరటిపండు మిల్క్‌షేక్. లెక్కకి 1350 కేలరీలు వచ్చాయి, సంతోషంగా సంతకం పెట్టాను. సోమవారం వచ్చేసరికి 39.4.

ఎక్కడ తప్పిందో ఒక్కొక్కటీ అడిగితే తెలిసింది. ఇడ్లీ పిండి పులుపు పుండ్ల మీద మంట. పప్పులో అలవాటుగా టమాటా వేశారు, అదీ మంటే. పాలు తాగితే ఉమ్ము జిగురుగా, తీగలా సాగి గొంతులో అడ్డం పడుతోంది. సగం ఉడికిన గుడ్డు అసలు నేను రాయకూడదు, కీమోలో ఉన్నవాళ్ళకి గుడ్డు గట్టిగా ఉడకాల్సిందే. ఏదో మామూలు జ్వరం కేసుకి రాసినట్టు రాసేశాను. రుచి సంగతి ఆవిడే చెప్పింది, "ఏటి తిన్నా మన్ను తిన్నట్టుంటాదమ్మా" అని. నాలుక మీద రుచి మొగ్గలు రేడియేషన్‌కి మొదటి రెండు వారాల్లోనే దెబ్బతింటాయి, కాబట్టి ఆ మాట అతిశయోక్తి కాదు.

అయినా లెక్క కుదరలేదు. మింగినా బరువు ఇంతగా తగ్గడమేంటి? అప్పుడు నా ముందే ఒక గ్లాసు గంజి తాగమన్నాను. ఆవిడ తాగనంది. ఆకలి లేదంది, తర్వాత తాగుతానంది, కొడుకు వైపు చూసింది. కొడుకుని బయటికి పంపాను. కోడల్ని కూడా పంపమని సైగ చేసింది. తలుపు వేశాక చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఒక గుక్క తాగింది. గంజి కుడి ముక్కులోంచి కారి కొంగు మీద పడింది. తుడుచుకుని నా వైపు చూడకుండా అంది, "కోడలు పిల్ల ముందు ఇలా కారితే సిగ్గు గాదేటమ్మా."

అంటే మూడు వారాలుగా ఇంట్లో ఎవరూ చూడకుండా గ్లాసులో సగం పారబోస్తోంది. మేమందరం నోటి పుండ్ల నొప్పి అనుకుంటూ కూర్చున్నాం. ముఖం చిక్కేసరికి, లోపల వాపు మారేసరికి ప్లేటు వదులైంది, పక్కనుంచి ద్రవమంతా ముక్కులోకి పోతోంది. వల వదులైతే టెక్నీషియన్‌కి కనిపించింది, ప్లేటు వదులైన సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు. మరుసటి రోజే దంతాల విభాగంలో ప్లేటుకి మెత్తటి అస్తరు వేసి సరిచేశారు, అరగంట పని. తల కొంచెం ముందుకి వంచి, ఎడమవైపు నుంచి, చిన్న గుక్కలుగా మింగడం కూడా నేర్పారు.

కారడం చాలావరకు తగ్గింది. కానీ నోరంతా పుండ్లే, ఉమ్ము లేదు, చిక్కటిది దిగదు. దిగే పల్చటి దాంట్లో ఏమీ ఉండదు. రోజుకి 5 గ్లాసులకి మించి తాగలేదు. ఆ 5 గ్లాసుల్లోనే అంతా ఇరికించాలి.

దీనికి మన ఇళ్ళలో ఉన్న ఉపాయమే వాడాను, మొలకెత్తించిన చోళ్ళ పిండి. పిండి పదార్థం నీళ్ళలో ఉడికితే ఉబ్బి చిక్కబడుతుంది, అందుకే పల్చగా కావాలంటే పిండి తగ్గిస్తారు. గింజ మొలకెత్తినప్పుడు దాంట్లో ఎమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది, అది ఆ ఉబ్బిన పిండిని తుంచేస్తుంది. సంకటిలా గట్టిగా ఉన్న జావలో ఒక చెంచా మొలక పిండి కలిపితే కళ్ళ ముందే నీరైపోతుంది. పోషణ అంతా అలాగే ఉంటుంది, జారుడు మాత్రం గంజిలా ఉంటుంది. చిన్నపిల్లల ఆహారం కోసం మన దేశంలో ఎప్పుడో బాగా పరీక్షించిన పద్ధతే ఇది.

కోడలికి నోటితో చెబితే లాభం లేదని చేసి చూపించాను. ఆసుపత్రి పక్క వీధిలో రోగుల తాలూకు వాళ్ళకి రోజు అద్దెకి గదులిస్తారు, ఒక గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు. మధ్యాహ్నం అక్కడికే వెళ్ళాను. 40 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పెసరపప్పు, వేయించి రవ్వగా పట్టించినవి, నీళ్ళు పోసి బాగా ఉడికిస్తే గరిటె నిలబడేంత గట్టిగా వచ్చింది. "ఇది అత్తమ్మ గొంతులో దిగుతాదా మేడమ్?" అని కోడలు నవ్వింది. పొయ్యి కట్టేసి, వేలు పెడితే చురుక్కుమనేంత వేడికి దిగాక నేను తెచ్చిన మొలక పిండి రెండు చెంచాలు, అంటే దాదాపు 10 గ్రాములు, వేసి కలిపాం. రెండు నిమిషాల వరకు ఏమీ లేదు. తర్వాత గరిటె పక్కకి వాలింది. ఇంకో ఐదు నిమిషాలకి గిన్నె వంచితే పాలలాగా జారింది. "ఏటి మేడమ్ ఇది, నీళ్ళయిపోనాది!" అంది ఆ పిల్ల. మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చాం. ఈ రెండో ఉడుకు మానకూడదు, మొలక పిండి పచ్చిది, దాంట్లో ఏ క్రిములున్నాయో తెలియదు, ఈవిడకేమో తెల్లకణాలు తక్కువ. పల్చబడ్డాక మరిగించినా మళ్ళీ గట్టిపడదు. తర్వాత రెండు చెంచాల నెయ్యి, గట్టిగా ఉడికించి మెత్తగా రుబ్బిన గుడ్డు ఒకటి, చిటికెడు ఉప్పు. అంతా వడగడితే గ్లాసున్నర, 400 కేలరీలు, 14 గ్రాముల ప్రోటీన్. అదే గ్లాసున్నర పాత అంబలిలో 50 కేలరీలు కూడా ఉండేవి కావు.

మర్నాడు కోడలు ఫోన్ చేసింది, పల్చబడటం లేదని. ఏం చేశావంటే, తనే చోళ్ళు మొలకెత్తించి ఆరబెట్టి, కమ్మగా ఉంటుందని మూకుట్లో దోరగా వేయించి పిండి పట్టించిందట! వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది, వాసన తప్ప ఏమీ మిగలదు. 12 గంటలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి రెండు రోజులు మొలకెత్తించి, బాగా ఆరబెట్టి, వేయించకుండా పిండి చేయించమన్నాను. షాపులో దొరికే రాగి మాల్ట్ ప్యాకెట్లు కూడా కొన్ని ఇందుకే పనిచేయవు, కొన్నాక ఒక కప్పు జావలో వేసి చూసుకోవాలి.

మిగతావి చిన్న చిన్న సర్దుబాట్లు, కానీ అవి లేకపోతే ఈ గంజి కూడా దిగేది కాదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించడం, ముఖ్యంగా తినే ముందు, జిగురు పోవడానికి. నొప్పి మాత్ర తిండికి అరగంట ముందు పడాలి, ఆవిడేమో తిన్నాక వేసుకుంటోంది. నోరు మొద్దుబార్చే జెల్ రాసుకుంటే పొలమారే ప్రమాదం ఉంది, కాబట్టి నిటారుగా కూర్చుని, చిన్న గుక్కలు, ఏదీ వేడిగా వద్దు. గది వేడికి చల్లారిందే తాగాలి.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. వికారం, తిండి చూస్తేనే మొహం తిప్పుకోవడం ఎక్కువైతే కీమో వల్లే అనుకున్నాం. విరేచనం ఎప్పుడైందని అడిగితే ఆరు రోజులైందంది. నొప్పికిచ్చే ట్రమడాల్, వాంతికిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, రెండూ మలబద్ధకం చేస్తాయి. డాక్టరుతో మాట్లాడితే విరేచనానికి సిరప్ రాశారు, రెండు రోజుల్లో వికారం సగానికి తగ్గింది. ఇది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న, సిగ్గుపడి వాళ్ళు చెప్పరు, మనం అడగం.

చేప సంగతి మాత్రం కోడలి ఘనత. రోజూ అదే గంజి, మన్ను రుచి, ఆవిడ విసిగిపోయింది. "మేడమ్, బాలింతలకి పెడతాం కదా సొర పుట్టు, అది పెట్టొచ్చా?" అని అడిగింది కోడలు. సొరచేపని ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి చేస్తారు, సన్న ముళ్ళుండవు. కారం, మసాలా, అల్లం ఏమీ లేకుండా, కాస్త నూనె, ఉప్పుతో మెత్తగా రుబ్బి గంజిలో కలిపించాను. రుచి తెలియదు గానీ వాసన తెలుస్తుంది కదా. ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉంది, తర్వాత మొత్తం తాగింది. పచ్చి బాలింతకి పెట్టేది నీచు ఎలా అవుతుందని కోడలు అత్తగారినే ఎదురడిగిందట, దాంతో ఇంట్లో చేప పథ్యం ఎగిరిపోయింది. నేను చార్టు మీద ఎన్నిసార్లు రాసినా జరగని పని అది.

నాలుగో వారం చివర 39.3. అయిదో వారం చివర 39. తగ్గడం దాదాపు ఆగింది. అక్కడితో బాగుపడిందని రాస్తే అబద్ధం. ఆరో వారం మొదటికి నోరంతా తెల్లటి పొర కట్టింది, నీళ్ళు కూడా మంట, రోజుకి రెండు గ్లాసులు దాటలేదు. ముక్కుగొట్టం వేయాలని డాక్టరుగారూ నేనూ అనుకున్నాం. నిజానికి 13వ సిట్టింగ్ రోజునే ఆ మాట గట్టిగా చెప్పాల్సింది, నోటితోనే నెట్టుకొద్దామన్న పట్టుదల నాది. ఆవిడ ఏడ్చింది. వాళ్ళ ఊళ్ళో గొట్టం వేసినవాళ్ళెవరూ మళ్ళీ లేచి తిరగలేదట. పక్క వార్డులో నెల కిందట గొట్టం తీసేసి, చెకప్‌కి వచ్చిన ఒకాయన్ని తీసుకెళ్ళి చూపించాను. ఆయన ఏం చెప్పాడో గానీ గంట తర్వాత ఒప్పుకుంది, ఒక షరతు మీద, అదే చేప గంజి పోయాలి.

ఎడమ ముక్కులోంచి గొట్టం వేశారు. ఇక్కడ మొలక పిండి మళ్ళీ పనికొచ్చింది, మామూలు జావ చల్లారితే గొట్టంలో గడ్డకడుతుంది, ఇది రెండుసార్లు వడగడితే సాఫీగా దిగింది. రెండున్నర గంటలకోసారి 200 మిల్లీలీటర్లు, కూర్చోబెట్టి, నెమ్మదిగా, పోసిన ప్రతిసారీ తర్వాత 50 మిల్లీలీటర్ల కాచిన నీళ్ళతో గొట్టం కడగడం, అరగంట పడుకోనివ్వకపోవడం. నోటితో మాత్రం రోజుకి నాలుగైదు సార్లు రెండేసి గుక్కలు మింగాల్సిందే అన్నాను, లేకపోతే మింగే కండరాలు పని మర్చిపోతాయి.

33 సిట్టింగ్‌లూ పూర్తయ్యాయి, మధ్యలో ఒక్క రోజు కూడా ఆగలేదు. మాస్క్ మాత్రం ఒకసారి కొత్తది చేశారు. కీమో 6 అనుకున్నది 5 అయ్యాయి, ఒకటి తెల్లకణాలు తగ్గి మానేశారు. చివరి రోజు బరువు 38.8. రేడియేషన్ అయిపోగానే నోరు బాగైపోతుందని ఇంటివాళ్ళు అనుకుంటారు, కానీ తర్వాత రెండు వారాలూ అసలు కష్టం, ఆ సంగతి ముందే చెప్పి పంపాను. రేడియేషన్ అయ్యాక అయిదో వారానికి గొట్టం తీశాం. మూడు నెలలకి 42 కిలోలు.

మొన్న వచ్చినప్పుడు ఉప్పు రుచి కొంచెం తెలుస్తోందంది, తీపి ఇంకా లేదు. ఎవరూ చూడకుండా ఆవకాయ నూనె వేలికొసకి రాసుకుని నాలుక మీద పెట్టుకుందట, కళ్ళంట నీళ్ళొచ్చాయట, కోడలు పట్టుకుని తిట్టిందట. అడ్డపొగ మానేసింది. అయినా చెయ్యి ఊరికే నోటి దగ్గరికి పోతోందని తనే చెప్పింది, సోపు గింజలు నమలలేదు కాబట్టి నీళ్ళ సీసా ఒకటి పట్టుకు తిరుగుతోంది, నోరు ఎండిపోకుండా అదీ పనికొస్తోంది. నోరు రెండు వేళ్ళంత తెరుచుకుంటోంది, ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి రోజూ నోరు సాగదీసే వ్యాయామం చేస్తోంది, 14 పుల్లల దగ్గర ఉంది. వచ్చే నెల కొత్త ప్లేటుకి కొలతలు తీస్తారు. అది సరిగ్గా కూర్చుంటే మెత్తటి అన్నం ముద్ద మొదలుపెడదామనుకుంటున్నాం, సొర పుట్టుతోనే.